శుక్రవారం సుధాకరరావు జవాబు

జగిత్యాల జిల్లాకు చెంది, ప్రస్తుతం దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో నివసిస్తున్న సుధాకరరావు అనే నేను, వచ్చే వారం గుండె ఆపరేషన్‌కు పోయేముందు, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగానే ఉంది. రేడియోలో నా మాటలు విని అనుమానం వచ్చినవాళ్ళు జతచేసిన డాక్టరు సర్టిఫికెట్ చూసుకోవచ్చు.

1. కోరుట్లలోని ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా నా భార్య విజయరాణికి. నా పెళ్ళినాటి చేతిగడియారం తమ్ముడు గంగాప్రసాద్‌కు. ఎలాగూ అతని దగ్గరే ఉంది. అడిగి అడిగి విసిగి, ఇప్పుడు చట్టప్రకారం ఇచ్చేస్తున్నాను.

2. నా హెడ్‌ఫోన్లు కూతురు సునందకు. చిన్నప్పుడు అవి పెట్టుకునే నా ఒళ్ళో నిద్రపోయేది. ఈమధ్య నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోయినా అవి తనవే.

3. శుక్రవారం పొద్దున నేను నడిపే ఇంటర్నెట్ రేడియో కార్యక్రమం, మైకుతో సహా, నాతో కలిసి నడిపే అల్ఫియాకు. నిజామాబాద్ పిల్ల, పనిమంతురాలు. నన్ను జాత్యహంకారి అని నా మైకులోనే అన్నది కూడా ఆమే. అందుకే ఒక షరతు: కింది నాలుగో అంశాన్ని ఒక్క అక్షరం తీయకుండా చదివి వినిపించాలి. లేదంటే మైకు దక్కదు.

4. నా జవాబు. నేను రేడియోలో అన్నది ఇది: “మన ఆడపిల్లలుండే బిల్డింగుకు నల్లోన్ని కావలి పెట్టుడేంది? మనోళ్ళు దొరుకుతలేరా?” అన్నాను, కాదనను. మనవాళ్ళకు పని దొరకాలనడం నేరమా? కుటుంబాలనే లోపలికి రానిచ్చే ఫ్యామిలీ డే నాడు ఒంటరిగా వెళ్ళానని నన్నూ ఒక మాల్ గేటు దగ్గర ఆపారు. నేను లొల్లి చేశానా? మర్నాడు వెళ్ళి కొనుక్కున్నాను. ఎవరి పద్ధతి వారిది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. నా మాట విని మా బిల్డింగు కుటుంబాలు కావలివాణ్ణి మార్చమని కంపెనీకి అర్జీ పెట్టాయంటే, అది వాళ్ళ ఇష్టం. అందులో నా సంతకం లేదు.

5. నా శరీరాన్ని ఊరికి పంపాలి. మా మేనత్త ముత్తవ్వ “దుబాయ్ నుంచి అచ్చిండు” అంటుంది. ఎవరూ దిద్దవద్దు. దిద్ది దిద్ది నేనే ఓడిపోయాను.

6. వంటసామాను, పుస్తకాలు ఇక్కడి తెలుగు మిత్రులందరికీ. పంచుకోండి, కొట్టుకోకండి.

ఇక సాక్షులు. వీలునామాలో ఏదైనా దక్కేవాడు సాక్షిగా ఉండకపోవడం మేలని వకీలు చెప్పాడు. ఆరో అంశంతో మిత్రులందరూ పోయారు. టైపింగ్ సెంటర్ ఫసీయుద్దీన్ ఒకడు దొరికాడు. నా నుంచి ఏమీ దక్కని రెండో మనిషి కోసం చూస్తే, కింద గేటు దగ్గర కావలివాడు కనిపించాడు. నేను రేడియోలో అన్నది ఇతన్నే.

పిలిస్తే వచ్చాడు. తెలుగు రాదు. చదవనక్కర్లేదు, నేను సంతకం పెట్టడం చూస్తే చాలన్నాను. పెన్ను చేతిలో పట్టుకుని ఇంగ్లీషులో ఒక్కటే అడిగాడు: “సార్, ఈ కాగితం వల్ల నా డ్యూటీ పోతుందా?”

చాలా సిగ్గేసింది. పోదని చెప్పాను.

అందువల్ల మూడో అంశంలోని షరతునూ, నాలుగో అంశాన్నీ ఇద్దరు సాక్షుల ఎదుట కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మైకు ఏ షరతూ లేకుండా అల్ఫియాదే. కొట్టేసిన రాత ఇంకా కనబడుతోంది, కనబడనివ్వండి. పోదన్న మాట నిలబడాలంటే రేపు శుక్రవారం నేనే మైకు ముందు కూర్చోవాలి.

దోహా, 13 నవంబర్ 2025
(సంతకం) సుధాకరరావు

సాక్షి 1: ఫసీయుద్దీన్, టైపింగ్ సెంటర్, అల్ దోహా అల్ జదీదా.

సాక్షి 2: డేవిస్ ఒటియెనో, కిసుము, కెన్యా. ఇదే బిల్డింగులో డ్యూటీ. పేరు అతన్నే అడిగి రాశాను.