కొత్త ఇరుసు ఖరీదు

నా పేరు కెజయా బక్లాండ్. కౌన్సిల్ కాగితంలో నా వయసు డెబ్బై ఎనిమిది అని ఉందట. మా అమ్మ లెక్క ప్రకారం బఠాణీలు కోసే రోజుల్లో చేనుగట్టు మీద పుట్టాను, అంతకుమించి నాకు తెలియదు. భర్త పోయినదాన్ని. లింకన్‌షైర్‌లో, రైలుకట్ట పక్కన, బళ్ళలో ఊరూరా తిరిగే మా జిప్సీవాళ్ళకని కౌన్సిల్ ఇచ్చిన స్థలంలో, నాలుగో జాగాలో నా ట్రైలర్ బండి ఉంది. అందులో ఉండేది నేనూ, డ్యూక్ అనే వేటకుక్కా, ఒక పొట్టి కోడిపుంజూ. నాకు చదువు రాదు. ఇందులో మాట నాది, రాత నార్మన్ టిబ్స్‌ది. అతను ఊరూరా తిరిగి ట్రైలర్ బళ్ళు బాగుచేసే మనిషి, ఇళ్ళవాడు, అంటే మావాడు కాదు. అతనితో ఉత్తరం ఎందుకు రాయిస్తున్నానో కింద చెబుతాను.

హల్ పట్నంలో ఇటుకల ఇంట్లో ఉన్న నా కొడుకు చిరంజీవి నెహెమ్యాకు తల్లి దీవెనలు. నేనూ కుక్కా కోడీ బాగానే ఉన్నాం. నువ్వూ, డెనీస్, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బాగాలేకపోతే ఆ గోడల మధ్య గాలాడకే అని ముందే చెప్పి ఉన్నాను.

నీ ఉత్తరం చర్చి పాస్టరు చదివి వినిపించాడు. మోకాలు ఎలా ఉందని అడిగావు. కూర్చుంటే నొప్పి, నడిస్తే లేదు. దాన్నిబట్టి నువ్వే తెలుసుకో. కంచెల మీద తెల్లపూలు విరగబూశాయి. రెండో జాగావాళ్ళు వెళ్ళిపోయారు, ఐదో జాగావాళ్ళు నిన్న పొద్దున బండి తగిలించుకున్నారు. రోడ్డు మీద లారీ చప్పుడు వినబడితే చాలు, నా కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. ఇది చెప్పిస్తూనే మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. "కాస్త కూర్చోండమ్మా, సగం మాటలు బయటికి పోతున్నాయి" అంటున్నాడు నార్మన్. బయటికి పోవడం మంచిదే, రాసుకో.

కౌన్సిల్‌వాళ్ళు ముసలివాళ్ళకని కట్టిన ఆ రెండు గదుల ఇల్లు చూశావా అని అడిగావు. చూశాను. పమేలా అనే అమ్మాయి తాళాలు ఆడించుకుంటూ తీసుకెళ్ళింది.

"చూడండి మిసెస్ బక్లాండ్, వంటగది, పక్కనే బాత్రూము, అన్నీ లోపలే! వానలో బయటికి వెళ్ళనక్కర్లేదు."

"గోడకి ఇవతల పొయ్యి, అవతల పాయిఖానా. అంతేనా?"

"ఎంత సౌకర్యమో కదా!"

"పందికి కూడా ఉండదమ్మా ఇంత సౌకర్యం. అది కూడా తినేచోటు వేరు, వెళ్ళేచోటు వేరు చూసుకుంటుంది."

పాపం, ఆ పిల్ల మొహం వాడిపోయింది. మంచి పిల్లే. మైల అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇంకో కిటికీ. అందులో ఒక ముసలాయన నన్నే చూస్తున్నాడు. రేపు కూడా అదే ముసలాయన, ఎల్లుండీ అదే ముసలాయన! నాకు ఊపిరాడలేదు రా.

ఇక అసలు విషయానికి వస్తాను. క్రిస్మస్ నాడు నువ్వూ నేనూ చేతిలో చెయ్యి కొట్టుకున్నాం. బండికి సర్వీసింగు చేయించాలి. రోడ్డెక్కడానికి పనికొస్తుందని మనిషి సంతకం పెడితే జూన్‌లో యాపిల్బీ గుర్రాల సంతకి నా దారిన నేను పోతాను, నువ్వు మళ్ళీ నోరెత్తవు. పనికిరాదంటే ఆ ఇంటి తాళం తీసుకుంటాను, నేను నోరెత్తను. చెయ్యి కొట్టాక మాట తిరగదు. మీ నాన్న, పోయినవాళ్ళ పేరు మనం పలకం కనక ఆయన పేరు ఎత్తను, తాగి చెయ్యి కొట్టి ఆడగుర్రాన్ని పోగొట్టుకున్నాడు కానీ మాట పోగొట్టుకోలేదు. సర్వీసింగుకని నువ్వు పంపిన డబ్బు అందింది. ఖర్చు ఎంతైందో, బండి ఏమైందో వెంటనే చెప్పమన్నావు. చెబుతాను. నీ తొందర నాకు తెలుసు, నా తొందర నీకు తెలియదు.

నార్మన్ వచ్చాడు. బ్రేకులు చూశాడు, గ్యాస్ గొట్టం మార్చాడు, టైర్లు బాగానే ఉన్నాయన్నాడు. చెమ్మ పట్టిందేమోనని చిన్న యంత్రం పెట్టి గోడలన్నీ తడిమాడు, ఎక్కడా లేదన్నాడు. నా మనసు యాపిల్బీ ఏటి ఒడ్డుకి వెళ్ళిపోయింది. అప్పుడు ఆ మహానుభావుడు చేతులకంటిన గ్రీజు కడుక్కుందామని నేను పళ్ళేలు కడిగే గిన్నె తీసి, అందులో చేతులు ముంచాడు.

ఆ గిన్నె తీసి కంచె అవతలికి విసిరాను, నీళ్ళతో సహా.

"అయ్యో, కొత్త గిన్నెలా ఉందే! సబ్బుతో కడిగితే పోతుందిగా?"

"తినే గిన్నెలో చేతులు కడుగుతావా? ఇప్పుడది కుక్కకి కూడా పనికిరాదు. నీ కూలీలో గిన్నె ఖరీదు తగ్గించుకో."

"మా రేట్లు మారవమ్మా. అచ్చు వేసి ఉంటాయి."

"అచ్చు వేసిందాన్ని నేను చదవలేనుగా. నాకు మారతాయి."

నవ్వాడు. గిన్నెకి బదులు ఒక ఉత్తరం రాసిపెట్టాలని బేరం కుదిరింది. ఇదే ఆ ఉత్తరం. ఇప్పుడు అతని టీ అతనికి వేరే జామ్ సీసాలో పోస్తున్నాను, ఏమీ అనుకోడు.

తర్వాత అతను బండి కింద పడుకున్నాడు. చాలాసేపు లేవలేదు. లేచాక నా మొహం చూడకుండా అన్నాడు, "అమ్మా, ఇరుసు పోయింది. కుదుపు ఆపడానికి లోపల రబ్బరుంటుంది, అది నలిగి చచ్చింది. చక్రం పైరేకుకి రాసుకుంటోంది. దారిలో టైరు పేలితే బండి తిరగబడుతుంది. నేను సంతకం పెట్టలేను." ఆగి మళ్ళీ అడిగాడు, "ఇది మోయాల్సిన బరువు కాదే. లోపల ఏం పెట్టారు?"

వెనక గది తలుపు తీసి చూపించాను. బండి చేసినవాళ్ళు అది స్నానాలకీ మిగతావాటికీ అని కట్టారు. మనలో ఎవరైనా పడుకునే బండిలో ఆ పని చేస్తారా? నేను దాన్ని ఏనాడూ తడపలేదు. అందులో నేల నుంచి కప్పు దాకా, డెర్బీ ఊళ్ళో చేసిన నా ఖరీదైన పింగాణీ ఉంది. గుర్రం మంచి ధరకి పోయినప్పుడల్లా మీ నాన్న ఒక పళ్ళెమో, ఒక కూజానో తెచ్చేవాడు. అద్దాల బీరువాలో పట్టినవి బీరువాలో, పట్టనివి ఆ గదిలో.

నార్మన్ తల గోక్కున్నాడు. "స్నానాలగదిలో పింగాణీ కొట్టు! ఇన్నేళ్ళుగా ఇరుసు ఎలా ఆగిందో దేవుడికే తెలియాలి."

కొత్త ఇరుసుకీ బిగింపుకీ కలిపి పదిహేడు వందల పౌండ్లు. బండి అమ్మితే అంత రాదు, ఆ మాట నార్మన్ కూడా అన్నాడు. నువ్వెప్పుడూ అనే మాటే. సర్వీసింగు డబ్బు అయితే నువ్వు పంపావు, ఇరుసు డబ్బు నువ్వు పంపవు. అడిగితే ఏమంటావో నాకు తెలుసు, అందుకే అడగలేదు. "అమ్మా, ఓడిపోయావు, తాళం తీసుకో" అంటావు. నేను ఓడిపోలేదు. సంతకం ఫలానా రోజులోగా పడాలని మనం చెయ్యి కొట్టినప్పుడు అనుకోలేదు. కాదంటావా? ఇద్దరు సాక్షుల ముందు ఈ మాట రాయిస్తున్నాను.

చక్రాలు ఊడదీసి బండిని దిమ్మల మీద నిలబెట్టాడు. నెహెమ్యా, చక్రాల్లేని బండిలో పడుకున్నావా ఎప్పుడైనా? గాలి వీచినా కదలదు. సమాధిలో పడుకున్నట్టే. కుక్క కూడా లోపలికి రానంది. నేను మెట్టు మీద కూర్చున్నాను, లేచాను, జాగా చుట్టూ తిరిగాను, మళ్ళీ కూర్చున్నాను. కప్పులూ పళ్ళేలూ పాత దుప్పట్లలో చుట్టి పెట్టెల్లో పెట్టడం మొదలుపెట్టాను. ఆ చప్పుడు ఏడో జాగాకి వినబడింది.

ఏడో జాగాలో ఎవరుంటారో నీకు తెలుసు. బ్రిటానియా లవ్‌రిడ్జ్. స్టో సంతలో అందరి ముందూ నా పెద్ద పళ్ళెం అసలుది కాదు నకిలీ అన్నది. ఆనాటి నుంచి దానికీ నాకూ మాటల్లేవు, అరుపులే. అయినా ఏడాదికోసారి మనిషిచేత కబురంపుతుంది, అమ్ముతావా అని. చస్తే అమ్మనని నేనూ కబురంపుతాను.

"ఏమే కెజయా, ఏమిటా గలగల?" అంటూ కంచె దగ్గరికొచ్చింది.

"దుమ్ము దులుపుతున్నా."

"దుమ్ము దులపడానికి పెట్టెలెందుకే?"

"నీకెందుకే?"

దిమ్మల మీదున్న బండిని చూసింది. నార్మన్‌ని చూసింది. దానికి తెలివి తక్కువేం కాదు. "ఇరుసా?" అంది. నేను ఇంకో పళ్ళెం దుప్పట్లో చుట్టాను. "ఎంతట?" అంది.

కొడుకా, ఇంతసేపూ చుట్టూ తిరిగి చెప్పలేకపోయిన మాట ఇదే. పింగాణీ అమ్మేశాను. దానికే అమ్మాను. బీరువాలోదీ గదిలోదీ, అది నకిలీ అన్న పెద్ద పళ్ళెంతో సహా. నేను పోయిన రోజున మనవాళ్ళు చేసినట్టు నా పింగాణీ పగలగొట్టి, నా బండి కాల్చాలని నీతో ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు పగలగొట్టడానికి నీకేమీ మిగల్చకుండా చేశాను. అది నాకు చిన్న సంగతి కాదు.

బేరం మాత్రం తేలిగ్గా ఇవ్వలేదు. అది పన్నెండు వందలంది. నేను నవ్వి పెట్టె మూత వేశాను. అది వెళ్ళిపోతున్నట్టు నటించింది. నేను పిలవలేదు. వెనక్కొచ్చింది.

"నకిలీదానికి ఇంత ధరా?"

"నకిలీదాని కోసం ఇన్నేళ్ళు ఏడ్చావుగా, ఆ ఏడుపు ఖరీదు."

నార్మన్ రెంచీ పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. చివరికి సరిగ్గా ఇరుసు ఖరీదుకి చెయ్యి కొట్టాం. అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకి అదృష్టానికని కొంత తిరిగివ్వాలి కదా, ఒక పౌండు నాణెం దాని చేతిలో పెట్టాను. అది పుచ్చుకుంది. తర్వాత పెట్టెలో చెయ్యి పెట్టి ఒక కప్పూ సాసరూ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదేమిటే?"

"నీ కొడుకు పగలగొట్టడానికి ఒక్కటైనా ఉండాలి కదే."

నేను ఆ కప్పుని ఇటూ అటూ తిప్పి చూశాను. చూసి, "అంచు మీద బంగారం అరిగిందే ఏరి ఇచ్చావు" అన్నాను. "మరి మంచిది ఇస్తానా?" అంది. ఇప్పుడది నా మంచం మీద కూర్చుని ఈ ఉత్తరం వింటోంది. ఇన్నేళ్ళలో నా బండెక్కడం ఇదే మొదలు. దాని మాటలు తానన్నట్టే రాయలేదని నార్మన్‌తో తగవు పెట్టుకుంటోంది.

కొత్త ఇరుసు బిగిసింది. వెనక గది ఖాళీ. సంతకం పడింది. పమేలాకి తాళం అక్కర్లేదని చెప్పేశాను, ఇంకో ముసలిదానికి ఇచ్చుకోమన్నాను. నీ డబ్బులో సర్వీసింగుకి పోగా ఏమీ మిగలలేదు, నీకు ఇరుసు ఖర్చూ లేదు. రేపు పొద్దున బ్రిటానియా మనవడు తన లారీకి నా బండి తగిలిస్తాడు. లారీలో అది ముందు సీట్లో, నేను వెనక సీట్లో. దారి పొడుగునా దాని తల వెనక భాగమే చూస్తూ పోవాలి, అదొక్కటే నాకు కష్టం.

నువ్వు యాపిల్బీకి రా. గుర్రాలని ఏట్లో కడిగే చోట ఉంటాను. ఓడినవాడు గెలిచినదాని ఎదురుగా వచ్చి నిలబడాలి.

ఒక్క మాట. నా రోజు వచ్చినప్పుడు ఆ కప్పు పగలగొట్టు, బండి తగలబెట్టు. ఇది చెబితే నార్మన్ కలం ఆపేశాడు.

"తగలబెట్టడానికా ఇంత డబ్బు పోసి నాతో బిగించుకున్నారు?"

"మరి నువ్వు రోజూ తింటున్నదెందుకు అబ్బాయ్? ఏదో ఒక రోజు పాతిపెట్టించుకోడానికేగా!"

కాబట్టి నెహెమ్యా, ఆ రోజున ఎవడైనా వచ్చి "ఇరుసు కొత్తదే, ఊడదీసుకుంటాం, ఎంతో కొంత ఇస్తాం" అంటే చెయ్యి చాచకు. ఇరుసుతో సహా కాల్చు. దాని ఖరీదు నేను కట్టేశాను.

ఇట్లు,
నీ అమ్మ
కెజయా బక్లాండ్ (నా గుర్తు: +)

సాక్షులు:
నార్మన్ టిబ్స్, చెప్పింది చెప్పినట్టు రాసినవాడు
బ్రిటానియా లవ్‌రిడ్జ్, ఏడో జాగా (ఆమె గుర్తు: O, నా గుర్తుకంటే కావాలనే పెద్దది వేసింది)