కొబ్బరిచెట్టు చాటున సగం దాపు

ఆదివారం రాత్రి, 2003

మా చంటాడు ఇవాళ నవ్వాడు! మస్కట్‌లో ఉద్యోగం పోయి వచ్చి గదిలో పడుకున్నవాడు ఇన్ని నెలలకి ఇల్లదిరేలా నవ్వాడు.

వాడి స్నేహితుడు శీను అరుగు మీద పాచికలాట పెట్టాడు. ఎవరి వీరుడి కథ వాళ్లు చెప్పుకుంటూ, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. చంటాడి వీరుడు కొబ్బరిచెట్టు చాటున నక్కాడు. బాణం తగలదని వీడు, తగులుతుందని శీను.

"బాబాయిగారూ, మీరే తేల్చండి" అన్నాడు శీను.

పెరట్లో చెట్టు వెనక పక్కకి తిరిగి నిలబడ్డాను. అటు పొట్ట, ఇటు వీపు బయటికే.

"నాన్నగారూ, మీకైతే రెండు బాణాలండీ!" అంటూ పగలబడి నవ్వాడు చంటాడు.

అక్కడే ఆటకి మా ఇంటి రూలు ఒకటి పెట్టుకున్నారు. కొబ్బరిచెట్టు చాటున సగమే దాపు. కాయల రాశి వెనక వంగితే పూర్తి దాపు, కానీ బాణం వేయడానికి తల ఎత్తితే అది పోతుంది. వంగి చూపించిందీ నేనే. నడుం పట్టేసింది, కళ్లు మూతలు పడుతున్నాయి. రేపు మళ్లీ తలుపేసుకుంటాడేమో... శీనుని రమ్మన్నాను. "ఆయ్, వస్తానండి" అన్నాడు.

పొద్దున్నే రాజోలు అక్కయ్యకి చెప్పాలి, సఖినేటిపల్లి బావగారికి చెప్పాలి. ఉప్పలగుప్తంలో పెద్దమ్మాయికి మాత్రం నేను చెప్పను. తమ్ముడి గొంతు వినలేదని ఏడుస్తోంది, ఫోను వాడి చేతికే ఇస్తాను.