దేవుడి గదిలో చెరువు

బుధవారం, రాత్రి

పూతలపట్టు అవతల, చెరువు పక్క స్థలంలో ఇవాళ ఇంటికి ముగ్గు పోశాం. ఈశాన్యంలో నీళ్లుంటే కుబేరయోగమని వాస్తు సిద్ధాంతి సెలవిచ్చాడు. ప్లాన్లు గీసే కొడుకు ఒకడున్నాడన్న సంగతి మరిచి నాయన ఆ స్థలం కొనేశాడు. ఈశాన్యంలో ఏకంగా చెరువునే పెట్టుకున్న ఘన కుటుంబం మాది.

నేను మహా గంభీరంగా టేపు పట్టాను. నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే హద్దురాయి కంపచెట్ల మాటున దొరికింది. అక్కణ్నించి రూలు ప్రకారం ఇల్లు కట్టకుండా వదలాల్సిన ఖాళీ కొలిస్తే, దేవుడి గది, సగం హాలు అందులోనే పోయాయి.

"ఇంక సామికి తెప్పోత్సవం ఇంట్లోనే నాయనా!" అన్నాను.

"ఎగతాళి సాలు. ఆ చెరువు నిండి ఎన్నేండ్లయినాదో తెలుసునా?" అన్నాడు. తర్వాత భుజమ్మీద చెయ్యేసి, మెల్లగా, "ప్లాను గీసేది నువ్వే గదరా. ప్లాన్లో ఆ చెరువు హద్దు గీతను రొంత ఎనక్కి జరుపబ్బా" అన్నాడు. నాయన నన్ను బతిమాలడం ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చి కంప్యూటర్లో జరిపి చూశాను. చెరువు ఎంత బుద్ధిగా వెనక్కి పోయిందో! ఇల్లు ముచ్చటగా పట్టింది. భయమేసింది. వాన కురిసే రాత్రి ఆ ఇంట్లో పడుకునేది అమ్మా నాయనే. గీతను మళ్లీ దాని చోట పెట్టేశాను.

ఆ మాట చెబుదామని లేచేసరికి, ముందు గదిలో నాయన మేస్త్రీతో ఫోన్లో అంటున్నాడు: "మావోడు అంతా సూసుకుంటాడబ్బా. నువ్వు పొద్దున్నే వచ్చి పునాది తవ్వు."

తలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. మేస్త్రీ గడ్డపార దిగేలోపు నాయనకు చెప్పాలి...