ఏటిపిల్లని తవ్విన రోజు

లాక్లన్ లోయ,
మార్చి 9, సోమవారం.

ప్రియమైన లెయిటన్,

నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. ఇల్లే చెమ్మెక్కి దగ్గుతున్నట్టుంది. ఆ ధ్రువపు మంచులో నువ్వు వేళకి తింటున్నావనీ, ఇంజన్ల దగ్గర చేతులు కాల్చుకోకుండా ఉన్నావనీ అనుకుంటున్నాను. చలికాలానికి ముందు మీ స్థావరానికి వచ్చే ఆఖరి ఓడ గురువారం హోబార్ట్‌లో బయలుదేరుతుందట. ఇది తప్పిపోతే మళ్లీ నవంబరు దాకా ఉత్తరం పంపే దారి లేదు. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే వాన సంగతీ మీ అమ్మ సంగతీ చెప్పి పెట్టేస్తాను. రెండుసార్లు అలాగే చేశాను. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కప్పు కారేచోట రేకు మార్పించాను. నీ జీపుని వారానికోసారి స్టార్టు చేసి పావుగంట ఉంచుతున్నాను. మీ అమ్మ కళ్లలో మందుచుక్కలు రెండు పూటలా వేస్తున్నాను. వేసిన ప్రతిసారీ "నీ చేత్తో వేస్తే కంట్లో తప్ప మొహమంతా పడుద్దే కోడలా" అంటుంది. పడుతున్నమాట నిజమే, ఆవిడ కదలకుండా ఉంటే కదా. ఆవిడ చూపు ఇంకా తగ్గలేదని డాక్టరు చెప్పాడు. ఎర్రగుడ్డ కట్టిన దుంపని తవ్వి కాల్చేశావా అని అడిగావు. తవ్వాను. దాని సంగతి కిందికి వచ్చాక రాస్తాను.

వాన జనవరి ఇరవై రెండున, నడివేసవిలో పట్టుకుంది. మొదటి వారం మంచిదే అనుకున్నాం, నేల ఎండి ఉంది కదా. రెండోవారానికి డెర్వెంట్ నది కింది పొలాల్లోకి వచ్చింది. ఆ తర్వాత రోజులు లెక్కపెట్టడం మానేశాను. ఆరువారాల్లో ఎండ మొహం చూసింది నాలుగుసార్లు, అదీ బట్టలు తీగ మీద వేసేలోపు వెళ్లిపోయేది. నీ బీరులోకి పువ్వునిచ్చే మన నాలుగు హాప్ తీగలూ అప్పటికే గుంజల చివర్లు దాటి పువ్వుకొస్తున్నాయి. నువ్వు చెప్పి వెళ్లినట్టే నడుమెత్తు దాకా కింది ఆకులన్నీ దూసేశాను, గాలి ఆడాలని. మొదళ్లలో నీళ్లు నిలవకుండా వరసకి రెండువైపులా కాలవ తీశాను. రోజూ పొద్దున్నే తీగలు పాకే కొబ్బరితాళ్లు పట్టుకుని ఊపి ఆకుల మీది నీళ్లు దులిపాను. ఆ నీళ్లన్నీ నా మెడలోకే వచ్చేవి. వాన కాస్త తెరిపిచ్చినప్పుడల్లా బూజుకి బోర్డో మందు కొట్టడం, గంటలో వాన వచ్చి దాన్ని కడిగేయడం. మీ అమ్మ కిటికీలోంచి చూస్తూ, మందు తీగలకి కాదు, కాలవలో కప్పలకి కొడుతున్నానని అనేది.

మొత్తానికి మూడు తీగల పువ్వు కొంత దక్కింది. తడిగానే కోశాను, ఎండేదాకా ఆగితే తీగ మీదే గోధుమరంగుకి తిరిగిపోతాయని. బట్టలుతికే గదిలో పాత కిటికీ జాలీల మీద పరిచి, హీటరూ ఫ్యానూ పెట్టి, రెండుగంటలకోసారి తిరగేశాను. ఆ వాసనకి మీ అమ్మ మధ్యాహ్నం మూడింటికే కుర్చీలో నిద్రపోయి, లేచాక నేనేదో కలిపానని గొడవపెట్టుకుంది. ఎండాక పిండిసంచిలో సగం కూడా లేవు. అయినా నలిపితే వేళ్లకి పసుపుపొడి అంటుకుంది, మీ నాన్న పెంచిన తీగ వాసనే వచ్చింది. వచ్చే ఏడు నీ బీరుకి చాలకపోవచ్చు. దీనికి నేను బాధపడటం లేదు. బాధపడేది వేరే ఉంది, ఇక చెబుతాను.

నువ్వు అక్టోబరులో వెళ్లిన వారానికి పక్కింటి క్లారీ కంచె దగ్గరికి వచ్చారు. ఆయన తీగల్లో ఒకటి మంచుకి పోయిందట. మీ మామయ్య తీగ దుంప ఒకటి ఇస్తావా అమ్మాయ్ అని అడిగారు. ఈ లోయలో హాప్ దుంప అడిగితే లేదని ఎవరంటారు? కంచె వైపు దుంపకి నువ్వు ఎర్రగుడ్డ కట్టి వెళ్లావు. అంతకుముందు రెండేళ్లూ ఎవరికైనా ఇవ్వాల్సిన దుంపలకే అలా గుడ్డ కట్టావు. ఇదీ అందుకే కట్టావనుకుని, పిలకలతో సహా సగం కోసి ఇచ్చాను. నువ్వు చెప్పాల్సిందని నేననడం లేదు. నేను అడగాల్సింది. నువ్వు వెళ్లే ముందు ప్రయాణం హడావిడిలో మనిద్దరం మాట్లాడుకున్నది బూట్ల గురించే. క్లారీ ఆ దుంపని తీసుకెళ్లి తన వరసలో ఏటిపిల్ల పక్కన నాటుకున్నారు.

ఏటిపిల్ల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. ఏటి ఒడ్డున, పాత పంపుషెడ్డు వెనక తనంతట తాను మొలిచిన మొక్కని ఆయన టోపీలో పెట్టుకుని తెచ్చింది మనం ఈ ఇంట్లోకి వచ్చిన ఏడే. పదకొండేళ్లు పెంచారు. నారింజతొక్క వాసన వచ్చే ఆ పువ్వు ఈ లోయలో ఇంకెవరి దగ్గరా లేదు, లోకంలో ఇంకెక్కడా లేదని ఆయన గర్వం. ఇంకో రెండేళ్లు చూసి, ఇంకో రెండేళ్లు చూసి అంటూ ఎవరికీ ఒక్క ముక్క ఇవ్వలేదు. ఈ చలికాలంలో మొదటి దుంప లెయిటన్‌కే ఇస్తానని నాతో రెండుసార్లు అన్నారు.

ఫిబ్రవరి మొదట్లో ఏటిపిల్ల ఆకుల మీద పచ్చమరకలు వచ్చాయి. తిరగేస్తే అడుగున మసిపూసినట్టు బూజు. కొత్తపిలకలు పొట్టిగా, పాలిపోయి, ఆకులు వెనక్కి ముడుచుకుని వచ్చాయి. తర్వాత నాలుగు రోజులకి మన వైపూ కనిపించింది. క్లారీ పదహారో ఏట నుంచీ ఈ లోయ హాప్ తోటల్లో పనిచేసిన మనిషి. అలా తనంతట తానే మొలిచిన మొక్కకి తెగుళ్లని తట్టుకునే శక్తి ఉండదు, బూజు దీంట్లోనే పుట్టి మీకు అంటుకుందని తేల్చేశారు. నేనిచ్చిన దుంప కూడా వాడిపోయింది కానీ, పక్కనున్న ఏటిపిల్లే దానికీ అంటించిందనుకున్నారు.

నీ ఉత్తరం ఫిబ్రవరి పదమూడు శుక్రవారం వచ్చింది. ఎప్పటిలాగే మీ అమ్మకి చదివి వినిపించాను. ఎర్రగుడ్డ దుంపలో కిందటేడే బూజు తెగులు చూశాననీ, అది వేరులో దాక్కుని తడికి లేస్తుందనీ, ఎవరికీ ఇవ్వకుండా తవ్వి కాల్చమనీ రాసిన నాలుగు వాక్యాలూ చదవకుండా దాటేశాను. మీ అమ్మ చెవులు బాగానే పనిచేస్తాయి. "మావాడు హాప్‌ల గురించి ఇంత తక్కువ రాయడే" అంది. కాగితం చాల్లేదేమో అన్నాను.

సాయంత్రం క్లారీ దగ్గరికి వెళ్లి చెప్పేద్దామనుకున్నాను. వానగా ఉందని వెళ్లలేదు. శనివారం ఆయనింటికి ఎవరో వచ్చారని వెళ్లలేదు. ఆదివారం, సోమవారం ఏ సాకు చెప్పుకున్నానో కూడా గుర్తులేదు. ఆయన నా మీద పెట్టుకున్న మంచి అభిప్రాయం పోతుందని భయం, అంతకంటే ఏమీ లేదు.

మంగళవారం పొద్దున ఆయన వానకోటు వేసుకుని, పార పట్టుకుని మన గుమ్మం ముందుకొచ్చారు. తోటల్లో పాత కట్టుబాటు ఒకటుంది కదా, తెగులు ఎవరి వైపు పుడితే వాళ్లే ముందు తవ్వాలని. తోటలన్నీ కంపెనీల చేతికి పోయినా ఈయన మాత్రం అది వదల్లేదు. "మొదలైంది నా వైపే అమ్మాయ్. నీ మిగతా మూడు తీగలైనా బతకాలి. వచ్చి కాస్త బకెట్టు పట్టుకో" అన్నారు.

వెళ్లి పట్టుకున్నాను లెయిటన్. అప్పుడైనా నోరు విప్పితే సరిపోయేది. నేనిచ్చినదాన్ని పీకేసి, ఏటిపిల్ల పిలకలు కోసేసి మందు కొట్టుకుంటే అది బతికేది. ఆయన పార గుచ్చిన ప్రతిసారీ ఇప్పుడు చెబుతాను అనుకున్నాను. బురదలో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో వేళ్లు పెకిలించారు. ఆ తర్వాత గుంట లోపలికి చూపించి, "ఒక్క ముక్క కూడా మిగలకూడదు. నా కళ్లకి ఆనడం లేదు, నువ్వు చూడు" అన్నారు. గుంటలో బొటనవేలంత ముక్క ఒకటి కనిపించింది, దానికో తెల్లటి మొగ్గ. తీసి బకెట్లో వేశాను. జేబులో వేసుకుని ఉన్నా ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది. నాకు ఆ తెలివి కూడా రాలేదు.

షెడ్డులో ఇనప పీపాలో ఎండుకర్రలు వేసి, అన్నీ దగ్గరుండి కాల్చారు. మధ్యాహ్నం మన వైపుకి వచ్చి ఎర్రగుడ్డ దుంపని కూడా ఆయనే తవ్విపెట్టారు, తనవల్ల నా పంట పాడైందని క్షమాపణ చెప్పుకుంటూ. మర్నాడు తన దగ్గర మిగిలిన, వేరే తీగల కిందటేటి హాప్‌ల సంచి తెచ్చి, నష్టానికి అని నా బల్ల మీద పెట్టారు. వద్దనడానికి కారణం చెప్పాలి కదా, తీసుకున్నాను. ఆ సంచి మూడువారాలు బీరువాలో ఉంది. తలుపు తీసినప్పుడల్లా వాసన వచ్చేది. నా అంతటి పిరికిది ఈ వీధిలో లేదు.

మొన్న శనివారం మీ అమ్మ నీ ఉత్తరమే మళ్లీ చదవమంది. చదువుతూ ఆ నాలుగు వాక్యాల దగ్గరికి వచ్చాను. ఈసారి దాటలేదు. మొత్తం చదివి, మొత్తం చెప్పాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నువ్వు పెట్టే కూడు తింటున్నా, అబద్ధం చెప్పను. ఇది నీచమైన పనే జోస్లిన్. రేపు పొద్దున్నే వెళ్లు, నే తోడు రాను" అంది.

నిన్న వెళ్లాను. సంచి పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, తెగులు మీ వైపు పుట్టింది కాదు, నేనిచ్చిన దుంపలోనే ఉందని చెప్పాను. లెయిటన్ రాశాడు అన్నాను. ఆయన లేచి రేడియో కట్టేశారు.

"ఎప్పుడు రాశాడు?"

"మీరు తవ్వడానికి నాలుగు రోజుల ముందు నా చేతికి వచ్చింది."

ఆయన కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డారు. నన్ను లోపలికి రమ్మనలేదు. "దుంప ఇవ్వడంలో నీ తప్పేం లేదమ్మాయ్. గుడ్డ చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు. దాన్ని నేను లెక్కపెట్టను" అన్నారు. ఆ తర్వాత, "ఆఖరి ముక్క నువ్వే ఏరావు" అన్నారు.

అవునన్నాను. క్షమించమని అడగబోయాను కానీ ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "అది ఇప్పుడు అడక్కు. నాకు డెబ్బైతొమ్మిది. ఇంకో మొక్కని పదకొండేళ్లు చూడటానికి నేనుండను. లెయిటన్‌కి మాత్రం నువ్వే రాయి, ఆ పని నాకు పెట్టకు."

ఇప్పుడు నీకు తెలిసిపోయింది. అన్నీ ఉన్నవున్నట్టు రాశాను, ఎక్కడా నన్ను నేను వెనకేసుకురాలేదనే అనుకుంటున్నాను. నువ్వు కోప్పడితే కోప్పడు. మీ అమ్మ ముందు మాత్రం ఫోన్లో అరవకు, ఆవిడ నాలుగు రోజులు అన్నం మానేస్తుంది.

ఒక్క సంగతి మిగిలింది. ప్రయాణం రోజు క్లారీ నీ చేతిలో పెట్టిన రేకుడబ్బా ఉంది చూడు, అందులో ఉన్నవి ఏటిపిల్ల పువ్వులు. ఇక ఆ తీగవి అవే మిగిలాయి. తిరిగి వచ్చేటప్పుడు మూత తీయకుండా తెమ్మని రాయనా అని, వెళ్లబోతూ ఆయన్ని అడిగాను.

"తెచ్చి ఏం చేస్తాడు? పువ్వుల్లోంచి ఆ తీగ మళ్లీ రాదు" అన్నారు. "పాతబడితే చీజు కంపు కొడతాయి. బీరు కాచుకుని తాగమను. ఎలా ఉందో ఫోన్ చేసి చెప్పమను. నాకు చెప్పమను. నీతో చెప్పి పంపొద్దను."

ఆయన నంబరు నీ దగ్గర ఉంది.

ఇట్లు,
తలెత్తి నీకేమీ చెప్పుకోలేని
నీ భార్య
జోస్లిన్