వెనక బెంచీ ఖాళీగా ఉన్నది

ప్రాంతీయ విద్యాధికారి గారి సముఖమునకు,
మడుగు గట్టునున్న పాఠశాలలో లెక్కలు చెప్పు ఉపాధ్యాయుడు సమర్పించుకొను అర్జీ.

విషయం: పర్యాటకుల సేవలో మునిగియున్న మా ప్రధానోపాధ్యాయులను తరగతి గదిలోని వెనక బెంచీకి తిరిగి ఇప్పించుట, మరియు అర్జీదారుపై అర్జీదారే చేసుకొను ఫిర్యాదు.

అయ్యా,

పర్యావరణ పర్యాటకమునకు "స్థానిక జ్ఞానము" జోడించవలెనని తమరు సెలవిచ్చిన నాటి నుండి మా మడుగు దశ తిరిగినది. కొంగలు అంతకు ముందు కూడా వచ్చేవి గానీ, వాటిని చూచుటకు టికెట్టు ఉండేది కాదు. ఈ అభివృద్ధికి ముందుగా కృతజ్ఞతలు తెలుపుకొని, దిగువ కష్టములు మనవి చేయుచున్నాను.

1. మా ప్రధానోపాధ్యాయులు పడవ నడిపేవారి ఇంట పుట్టినవారు. ఆ ఒక్క అర్హత చూచి తమరు వారిని స్థానిక జ్ఞాన సమన్వయకర్తగా నియమించి, పర్యాటక అతిథుల సేవకై రోజంతా రేవులో ఉంచితిరి. అంతకు ముందు వారు చేయు పని ఏమనగా, రోజూ ఏదో ఒక తరగతిలో వెనక బెంచీ మీద పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చొనుట. పిల్లలు వారికి వెనకబెంచీ మాస్టారని పేరు పెట్టిరి. ఉపాధ్యాయులం పెట్టిన పేరు అర్జీలో రాయదగినది కాదు. పాఠం మధ్యలో చెయ్యెత్తి, "సార్, నాకర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అనేవారు. గంట కొట్టాక నన్ను పక్కకు పిలిచి, "లోతు తెలియాలంటే దిగాలయ్యా. నల్లబల్ల దగ్గర నిలబడి నువ్వు చూసేది ఒట్టి గట్టు" అనేవారు. అది పడవ మీద వారి నాన్నగారు చెప్పిన మాటట.

2. సదరు మాటను తమ కార్యాలయం వారు స్థానిక జ్ఞానముగా గుర్తించి, "లోతు తెలియాలంటే దిగాలి" అని రేవులో పెద్ద బోర్డు పెట్టించిరి. అతిథులు చదువుకున్నవారు. చదివిరి, దిగిరి. మొదట దిగిన పెద్దమనిషి నడుము దాకా బురదలో కూరుకుపోయి, "ఇది కూడా ప్యాకేజీలో ఉందా?" అని అడిగెను. బోర్డు తీయించమని మేము వేడుకొనగా, అది తమరి చేతుల మీదుగా ఆవిష్కరింపబడినందున తీయుటకు వీలులేదనియు, బదులుగా ఉపాధ్యాయులలో ఒకరు తాడుతో రేవులో నిలబడవలెననియు ఉత్తర్వు వచ్చినది. వ్యాయామ మాస్టారు నడుం నొప్పి అని తప్పించుకొనగా, సైన్సు టీచరమ్మ తాడు పట్టుకొనుచున్నారు. సైన్సు పాఠం ఎవరూ పట్టుకొనుట లేదు.

3. పాఠశాల నాణ్యతను ఇప్పుడు అతిథులు ఇచ్చు స్టార్లను బట్టి తేల్చుచున్నారు. మాకు ఐదుకు ఐదు వచ్చినవి. నా తరగతిలోకి తొంగి చూచిన ఒక అతిథి "పిల్లలు ఎంత నిశ్శబ్దంగా ఉన్నారో!" అని మెచ్చుకొని రాసెను. పాఠం అర్థం కాక నిశ్శబ్దంగా ఉన్నారని నేనెక్కడ రాయాలి?

4. ఇక నా మీద ఫిర్యాదు. వెనక బెంచీ ఖాళీ అయినప్పటి నుండి అర్జీదారు, అనగా నేను, చెడిపోయితిని. కొన్నాళ్ళు పాత భయంతో బాగానే చెప్పాను. తరువాత ఆడింది ఆట, పాడింది పాట. భిన్నాల భాగహారం వచ్చింది. "రెండోదాన్ని తిరగేసి గుణించండి, అంతే" అని చెప్పి కుర్చీలో చేరగిలబడ్డాను. కిటికీ పక్కన కూర్చునే వడ్రంగి కూతురు చెయ్యెత్తింది.

"ఎందుకు తిరగెయ్యాలి సార్?"

"పరీక్షలో అది అడగరు. కూర్చో."

కూర్చుంది. మళ్ళీ చెయ్యెత్తలేదు. అయ్యా, ఇక్కడ నాకు గ్రాంథికం సాయం రావడం లేదు. ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాను. పరీక్షలు దగ్గరపడ్డాయి. అందరూ పాసవుతారు, తిరగేసి గుణించడం అందరికీ వచ్చు. నా భయమంతా అదే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. తమరి దయ వల్ల మా పెరటి చెట్టు వచ్చేపోయే వాళ్ళందరికీ వైద్యం చేస్తోంది. ఇంట్లో జ్వరం మాత్రం అలాగే ఉంది. కావున మా ప్రధానోపాధ్యాయులను మాకు తిరిగి ఇప్పించవలెను. సమన్వయకర్త లేకపోయినా కొంగలు వస్తాయి. అదీ కుదరనిచో, కనీసం ఆ బోర్డును పీకించి మా స్టాఫ్ రూములో పెట్టించవలెను. అక్కడ దిగవలసినవారు చాలామంది ఉన్నారు.

తమరికి తీరిక దొరికినప్పుడు గాక, పరీక్షల లోపుననే చిత్తగించవలెను.

ఇట్లు,
అడిగేవారు లేక పాడైపోవుచున్న
తమ విధేయుడు,
లెక్కల మాస్టారు

తా.క.: అర్జీ ప్రధానోపాధ్యాయుల ద్వారానే పంపాలన్న నియమం ప్రకారం దీన్ని రేవుకు తీసుకెళ్ళి ఇచ్చాను. అతిథి గొడుగు ఒక చేత్తో పట్టుకుని, నిలబడే చదివారు. నాలుగో అంశం దగ్గర ఆగి, "నా సంగతి సరే. ఆ పిల్లకి జవాబు చెప్పావా?" అన్నారు.

"లేదు సార్."

"మరి ఇంత అర్జీ రాసేబదులు, ముందు అది చెప్పొచ్చు కదయ్యా?"

అందుకే అర్జీ పంపడం ఆలస్యమైంది. ఈరోజు అర రొట్టె తెచ్చి, అందులో పావు ముక్కలు ఎన్ని వస్తాయో పిల్లల చేతే కోయించి, ఎందుకు తిరగేస్తామో చెప్పాను. వడ్రంగి కూతురు చాలాసేపు ఆ ముక్కల్నే చూసి, మళ్ళీ చెయ్యెత్తింది. "మరి సున్నాతో ఎందుకు భాగించకూడదు సార్?" అంది.

రేపు చెప్తానన్నాను. నాకు సరిగ్గా తెలియదండీ. ఆయన్ని తొందరగా పంపించండి.