రెండు కొడితే రైట్

ఫిబ్రవరి 9, సోమవారం. గద్వాల

టికెట్లు వచ్చాయి. హైదరాబాదు నుంచి మా వాడు శ్రవణ్ కుమార్ ప్రింట్ తీసి పంపాడు. రెండు పేర్లున్నాయి. దశరథం, అంటే నేను. నాగప్ప, అంటే నా డ్రైవర్. ముంబై నుంచి కొచ్చి, మళ్ళీ ముంబై. నాలుగు రాత్రులు ఓడ మీద.

ముప్పై ఒక్క ఏళ్లు కండక్టర్‌గా చేసి పోయిన జూన్‌లో రిటైరయ్యాను. అన్నేళ్లూ నిలబడే తిరిగాను. కూర్చుని చేసే ప్రయాణం ఎట్లుంటుందో చూడాలని ఉంది.

పుష్పమ్మ రానంది. కండక్టర్ పెళ్లాం అయి ఉండి, ఎర్రవల్లి చౌరస్తా దాకా పోయినా ఆమెకు వాంతులకు రెండు కవర్లు కావాలి. నీళ్ల మీద బండి నాకొద్దయ్యా, మీ ఇద్దరు మొగోళ్లే పోయిరాండ్రి అంది. ఇంతకూ నాగప్పన్న వస్తుండా లేదా, జర సక్కగ చెప్పు అని నిలదీసింది. వస్తాడన్నాను.

మొన్న సంతలో నాగప్ప భార్య కలిసిందట. మా ఆయనకు ఏమైందో తెల్వదక్కా అని ఏడ్చిందట. రోజూ ఆమెను అవతల నిలబెట్టి తలుపు మీద కొట్టమంటాడట. ఇవతల కూర్చుని, ఎన్ని కొట్టిందో చెప్తాడట. తప్పు చెప్పింది లేదట. అయినా మళ్ళీ కొట్టమంటాడట. మనిషి ఖరాబైండు పాపం అంది పుష్పమ్మ.

నేను చెప్పులేసుకుని బయటికి పోయాను. నాగప్పకు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తడని తెలిసే చేశానని కూడా రాయాలి. డైరీకి అబద్ధం చెప్పి ఏం లాభం.

ఫిబ్రవరి 10

ఎత్తలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం. రాయచూర్ స్టేషన్. సాయంత్రం 4:20

గద్వాల నుంచి నా పాత రూట్ బస్సులోనే వచ్చాను. వెనక డోరు పక్క సీటు. బస్సంతా ఆడవాళ్లే, జీరో టికెట్లే. కండక్టర్ శేఖర్ నా దగ్గర పని నేర్చుకున్నవాడు. మీకేం టికెట్ సార్, కూసోండ్రి అన్నాడు. కొట్టమన్నాను. టికెట్ తీసుకున్నాక చేతిలో ఎట్లా పట్టుకోవాలో తెలియక వాచీ పట్టీలో పెట్టుకున్నాను.

ధరూర్‌లో శేఖర్ బస్సు బాడీ మీద అరచేత్తో రెండు కొట్టాడు, బండి కదిలింది. రెండు కొడితే రైట్, ఒకటి కొడితే ఆపు. మా భాష అంతే. నిండు బండిలో డ్రైవర్‌కు వెనక డోరు కనపడదు. దిగేవాళ్లు దిగారా, ఎక్కేవాళ్ల రెండో కాలు లోపలికొచ్చిందా అన్నది కండక్టర్ చేతిని బట్టి తెలుసుకుంటాడు. పంతొమ్మిదేళ్లు నాగప్ప నా చేతిని నమ్మి బండి లాగాడు. ఆ పంతొమ్మిదేళ్లూ నేను చూసింది అతని మెడ. కాలరు పైన కందిబేడంత పుట్టుమచ్చ. ముఖం కన్నా అదే నాకు బాగా గుర్తు.

ఓడ ముచ్చట అతనిదే. రాయచూర్ బస్టాండులో టీ తాగుతూ ఎన్నిసార్లు అన్నాడో. దశరథా, ఒక్కపారన్న పెద్ద బండెక్కాలె, స్టీరింగు ఇంకోడు పట్టాలె, నేను కాళ్లు సాపుకొని కూసోవాలె అనేవాడు. ఏం బండప్పా అంటే, ఓడ అనేవాడు. తల్లిది కర్ణాటక. మాటకొకసారి అవునుకు హౌదప్పా, వద్దుకు బ్యాడప్పా అనడం ఆమె దగ్గర్నుంచే వచ్చింది.

అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి పదిహేడు నెలలు. ఇంకో ఏడాది ఆగితే రిటైరయ్యేవాడు. దాని గురించి తర్వాత రాస్తాను.

రైలు టైము మెసేజ్ పెట్టాను కదా, గద్వాల నుంచి వెనక బస్సులో వస్తాడేమోనని ప్లాట్‌ఫాం గేటు వైపు తిరిగి కూర్చున్నాను. రైలు వస్తోంది. ఇక రాడు.

ఫిబ్రవరి 12, గురువారం. ఓడ. సాయంత్రం 6:10

కౌంటర్ దగ్గర అమ్మాయి హిందీలో అడిగింది, రెండో గెస్ట్ ఎక్కడని. బాత్రూంకు పోయాడన్నాను. పక్కకు జరిగి నిలబడ్డాను. నా వెనక వాళ్లంతా ఎక్కారు. గంట తర్వాత మళ్ళీ అడిగింది. రావడం లేదన్నాను. ఆ మాట నోటితో అనడం అదే మొదలు.

ఓడ అంటే ఇంత ఉంటుందనుకోలేదు. మా డిపో బస్సులన్నీ లోపల పార్కింగ్ చేసినా ఇంకా జాగా మిగులుతుంది. ఐదింటికి హారన్ కొట్టారు. ఒడ్డు మెల్లగా వెనక్కి పోయింది. ఇంత పెద్ద బండి కదులుతుంటే ఎవరూ రైట్ చెప్పలేదు. నా అరచేయి రెయిలింగ్ మీదికి దానంతటదే పోయింది. జేబులో పెట్టుకున్నాను.

రూంలో రెండు మంచాలు. తెల్లటి దుప్పట్లు, రెండు దిండ్ల మీద రెండు చాక్లెట్లు. రూం చూసే ఆయనకు నలభై ఏళ్లుంటాయి, గోవా మనిషి. ఒక్కరే కదా, రెండు మంచాలూ జరిపి ఒకటి చేయనా అన్నాడు. బ్యాడప్పా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 13, శుక్రవారం. మధ్యాహ్నం 2:00

నాలుగు దిక్కులా నీళ్లే. ఒక్క స్టేజీ లేని రూటు. తోచడం లేదు. పొద్దున్నించి నాలుగు అంతస్తులు తిరిగి తలలు లెక్కపెట్టాను. రెండు వందల అరవై దగ్గర లెక్క తప్పింది.

డ్యాన్సులున్నాయి, పాటలున్నాయి, ఈత కొట్టే తొట్టి ఉంది. ఎవరి గుంపు వాళ్లది. ఫోటో తీయమని నాకు ఫోన్ ఇస్తారు, తీసిచ్చాక థాంక్యూ అంకుల్ అంటారు. ఇవాళ ఎనిమిది కుటుంబాలకు తీశాను. నన్ను ఎవరూ తీయలేదు. నేను అడగలేదు.

భోజనానికి పెద్ద టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. నాగపూర్ ఆవిడ ఒకామె, అకేలే ఆయే క్యా భాయ్‌సాబ్ అంది. ఒక్కడినే అంటే అయిపోయేది. నా దోస్తుకు ఓడ పడలేదు, రూంలో పడుకున్నాడన్నాను. ఆవిడ పరేషానైపోయి, వాసన చూడమనండి అని నిమ్మకాయ తెప్పించి ఇచ్చింది. తెచ్చి ఆ మంచం దిండు మీద పెట్టాను.

సాయంత్రం 7:45

దోస్తు ఎట్లున్నాడని మళ్ళీ అడిగింది. కొంచెం నయమన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నావి ఎప్పుడూ అతుకుతాయి. అదే నా ఖర్మ.

ఫిబ్రవరి 14, శనివారం. కొచ్చి

ఊరు చూపించడానికి బస్సులు పెట్టారు. మా బస్సులో ముప్పై ఎనిమిది మంది. ఎవరూ లెక్కపెట్టమనలేదు. ఎక్కుతుంటే నేనే లెక్కపెట్టాను.

చర్చి, చేపల వలలు, మసాలా దుకాణాలు. తిరిగి ఎక్కాక గైడ్ పిల్ల పేపరు చూసి ఓకే అంది. డోరు వేశారు. నా లెక్కలో ముప్పై ఏడే. ఇంగ్లీషులో చెప్పడానికి మాట వెతుక్కుంటున్నాను. బండి కదిలింది. నా చేయి ఆగలేదు. కిటికీ పక్కన బాడీ మీద కొట్టింది. ఒకటి.

డ్రైవర్ బ్రేక్ వేశాడు. మలయాళీ, నా ముఖం చూసింది లేదు, నా భాష తెలియదు. అయినా ఆపాడు. వెనక నుంచి నాగపూర్ ఆవిడే చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తోంది. నేను లేచి డోరు దగ్గరికి పోయాను. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండోది ఇంకా నేల మీదే ఉంది. అది లోపలికి వచ్చేదాకా డోరు పట్టుకునే నిలబడ్డాను.

అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవర్ అద్దంలోంచి నవ్వి చేయి ఎత్తాడు. ఓడకు తిరిగొచ్చి రూం తలుపేసుకుని ఏడ్చాను. ముసలోడిని, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఫిబ్రవరి 15, ఆదివారం. శివరాత్రి. మధ్యాహ్నం 12:30

నాగప్ప ఇవాళ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఈ ఒక్కరోజు డ్యూటీలో అతని టీ కూడా నేనే తాగేవాడిని. ఇవాళ నేనూ ఏం తినలేదు. కింద భోజనాల గంట మోగుతోంది. రాస్తాను.

2024 మార్చి. రాయచూర్ నుంచి మధ్యాహ్నం ట్రిప్పు. కాలు పెట్టే సందు లేదు. నందిన్నె దాటాక ఒక స్టేజీలో తిరుపతమ్మ అనే పెద్దావిడ వెనక డోరు నుంచి దిగుతోంది. అదే సమయానికి టికెట్ మిషన్‌లో పేపర్ ఇరుక్కుంది. అవతల జనం టికెట్, టికెట్ అని గోల. నాకు తిక్క రేగి మిషన్‌ను డోరు రాడ్డుకేసి కొట్టాను. రెండుసార్లు.

బండి కదిలింది.

తిరుపతమ్మ రెండో కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. పడింది. తుంటి విరిగింది. ఇప్పటికీ కట్టె పట్టుకునే నడుస్తుంది.

ఎంక్వయిరీలో రైట్ చెప్పావా అని అడిగారు. చెప్పలేదన్నాను. అది నిజం. అడిగినదానికి నిజమే చెప్పాను. మిషన్ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే నా మీదికి వచ్చేది. ఇంకో పదిహేను నెలల్లో రిటైర్మెంట్. భయపడ్డాను.

నాగప్పను అడిగితే, రెండు దెబ్బలు ఇనబడ్డయి సార్ అన్నాడు. అని నా వైపు తిరిగాడు. పంతొమ్మిదేళ్లలో అతని ముఖాన్ని అంత ఎదురుగా చూసింది ఆ రోజే. కోపం లేదు. కొట్టిన కదా అని చెప్పు దశరథా అన్నట్టు చూశాడు, అంతే. నేను టేబుల్ మీద పేపర్ వెయిట్ చూశాను. అతని మీద పాత కేసులు రెండున్నాయి. ఆరు నెలలకు ఆర్డరు వచ్చింది, తీసేశారు.

ఎంక్వయిరీ రోజే బయట చెట్టు కింద స్కూటర్ దగ్గర నిలబడి అడిగాడు. నాకు ఇనబడ్డది గద దశరథా, నా చెవులు పోయినయా ఏంది అని. నేనేమన్నానో ఇన్ని రోజులు ఎవరికీ చెప్పలేదు. వయసైతుంది గద నాగప్పా, ఒకసారి దవాఖానల చూపించుకో అన్నాను.

పోయి చూపించుకున్నాడు. చెవులు బాగున్నాయన్నారట. అతను నమ్మలేదు. డాక్టర్ కన్నా నా మాట మీద గురి ఎక్కువ. అందుకే ఆ తలుపు, ఆ కొట్టించుకోవడం. పుష్పమ్మ చెప్పినప్పుడే నాకు అర్థమైంది.

నిజం చెప్పే ధైర్యం లేక ఓడ టికెట్ కొన్నాను. సముద్రం మధ్యలోనైనా చెప్పొచ్చు, చెప్పకపోయినా కాళ్లు చాపుకుని కూర్చుంటాడు కదా అనుకున్నాను. ఎదుటి మంచం మీద నిమ్మకాయ వాడిపోతోంది. నాకు మాట్లాడేవాళ్లు లేరు ఇక్కడ. ఇంటి దగ్గర కూడా లేరు, పదిహేడు నెలలుగా. ఉన్న ఒక్కడినీ నేనే దించేశాను.

సాయంత్రం 5:00

ఓడ పేరున్న కాగితాలు టేబుల్ మీద ఉంటే రెండు తీసుకున్నాను. డిపో మేనేజర్‌కు రాశాను. మిషన్, రాడ్డు, రెండు దెబ్బలు. సంతకం, స్టాఫ్ నంబరు. వాళ్లేం చేస్తారో తెలియదు. పెన్షన్ ఆపితే పుష్పమ్మకు నేనే చెప్పుకోవాలి. కానీ పోస్టు చేయకముందు నాగప్పకు వినిపించాలి. కాగితం కన్నా ముందు అతని చెవికి పోవాలి.

ఫిబ్రవరి 16, సోమవారం. ముంబై

దిగుతుంటే నాగపూర్ ఆవిడ నా వెనక చూసింది. దోస్త్ కహా హై అంది. రాలేదమ్మా, అసలు ఎక్కనే లేదు అని చెప్పాను. తెలుగులోనే చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుని వదిలింది.

ఫిబ్రవరి 17, మంగళవారం. గద్వాల

బస్సు దిగి ఇంటికొచ్చాను. ఓడ ఎట్లుంది, నాగప్పన్నకు నచ్చిందా అని పుష్పమ్మ అడిగింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. లేచి పోయి కంచం కడిగింది. తర్వాత అన్నం పెట్టింది. తినేటప్పుడు ఒకటే అంది, రేపు పొద్దుగూకకముందే పో, మళ్ల మళ్ల దాటెయ్యకు అని.

ఫిబ్రవరి 18, బుధవారం. నాగప్ప ఊరు. సాయంత్రం 5:40

మిరప కల్లం పక్కన ట్రాక్టర్ సీటు మీద కూర్చుని ఉన్నాడు, నాకు వీపు పెట్టి. ఎవరిదో ట్రాక్టర్, నడపడం ఇతని పని. మెడ మీద మచ్చ అట్లాగే ఉంది. తిరగమని అడగలేదు. వెనకే నిలబడి చెప్పాను. నాగప్పా, నీకు సక్కగనే ఇనబడ్డది, రెండే, కొట్టింది నేనే, మిషన్‌తోటి అన్నాను. ఇంకేం చెప్పాలనుకున్నానో అన్నీ మరిచిపోయాను.

తిరగలేదు. చేయి చాపి, పక్కన మడ్‌గార్డ్ మీద అరచేత్తో కొట్టాడు. ఒకటి.

రెండోది పడితే పోవాలి. గట్టు మీద కూర్చుని ఇది రాస్తూ వింటున్నాను. ఇంకా పడలేదు.