యశోద గట్టిగా చదవవలసిన మాట

బంగారుపాళ్యం,
1945, మాఘమాసం, మంగళవారం.

వదిన ఆదిలక్ష్మమ్మకు ఆడపడుచు వరదమ్మ నమస్కరించి వ్రాసేది. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. అక్కడ మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. అన్న విరిగిన కాలికి పుత్తూరు కట్టు విప్పారా? విప్పేదాకా మడిలో దిగవద్దని చెప్పు. వింటాడా, మా అన్న!

నీ జాబు అందింది. నీకు చదువు రాదు కాబట్టి, అడగరాని మాటను పదహారేళ్ల కూతురు యశోద చేత వ్రాయించావు. "వరదమ్మా, నీకింకా నెలనెలా అవతా ఉండాదా, నిలిచిపోయినాదా?" సిగ్గేసింది, ఒళ్లు మండింది కూడా. ఎందుకడిగావో తెలుసు. పిల్లలు లేని నాకు నెలసరి ఉన్నంతకాలం ఆగుతానని, అది నిలిచిపోతే కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తానని మా అత్త ఒట్టు పెట్టుకుంది. పరాయి పిల్ల వచ్చే కంటే మన యశోదే నయమని మీరు ఒప్పుకున్నారు.

నిజం చెబుతున్నాను వదినా. నిలిచిపోయి ఎనిమిది నెలలైంది. అయినా నెలనెలా మూడు రోజులు ముట్టని చెప్పి, చాపా తట్టా తీసుకొని పెరటి కొట్టంలో కూర్చున్నాను. అన్నీ అబద్ధపు రోజులే.

కానీ ఒళ్లు దాచనిస్తుందా? ఇంత చలిలోనూ ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి ముఖానికెక్కుతుంది. రవిక తడిసి ముద్దవుతుంది, ఆ వెంటనే వణుకు. నిద్ర లేదు. ఊరికే ఏడుపొస్తుంది. మంత్రసాని గురవమ్మను చాటుగా అడిగితే నవ్వింది. "ఇది జబ్బు గాదు తల్లీ, ఆడపుటక పుట్టినోళ్లకంతా వచ్చేదే. మజ్జిగ తాగు, పల్చటి కోక కట్టుకో, ఎవురికీ బయపడొద్దు" అంది. భయపడొద్దట! మా ఇంట్లో ఒకరోజు ఉండి చెప్పమను.

నిన్న అన్నం వడ్డిస్తుంటే చెమటకు తడిసిపోయాను. అత్త నా చేతిలోని గరిటె తీసుకొని ముఖంలోకి చూసింది. "నాకూ నిలిచిపోయినప్పుడు ఇట్లే సెగలు వచ్చినాయి. ఎన్నాళ్లయిందే?" అంది. ఇక ఆమెకు తెలిసిపోయింది. శుక్రవారం తల్లీ కొడుకూ తాంబూలం తీసుకొని బొగ్గుతో నడిచే బస్సులో మీ సత్యవేడుకు వస్తున్నారు. ఈ జాబు వాళ్లకంటే ముందు చేరాలని నేనే నడిచిపోయి తపాలాలో వేస్తున్నాను.

సవతి వస్తుందని భయపడి నాటకం ఆడాననుకుంటావు. మొదట్లో అంతే. ఇంకొకటి దాచాను. నిరుడు మా ఇంటికొచ్చినప్పుడు యశోద నన్ను పట్టుకొని ఏడ్చింది. "అత్తా, మామను జూస్తే నాకు నాయన మాదిరి ఉండాడు. అమ్మకు జెప్పేదానికి నోరు రాలేదు" అంది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని కసిరి పంపాను. ఆ కసురే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

యశోదా, ఇది చదువుతున్నది నువ్వే కదా. మీ అమ్మ ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఆపవద్దు తల్లీ, గొంతు తగ్గించవద్దు. ఈ కింది మాట వ్రాసింది నేనే గానీ మాట నీది. గట్టిగా చదువు.

"అమ్మా, నాకీ పెళ్లి ఒద్దు."

ఇట్లు,
నీ మేనత్త
వరదమ్మ